పిల్లలతో అష్టాచెమ్మా ఆడటం ఎలా?

వైకుంఠపాళి ఐదారేళ్ల వాళ్లకి బాగుంటుంది కానీ, కాస్త పెద్దయ్యాక త్వరగానే బోర్ కొడుతుంది. పాము మింగినా నిచ్చెన ఎక్కినా అంతా పందెం చేతిలోనే ఉంటుంది, ఆడేవాళ్లు ఆలోచించేది ఏమీ ఉండదు. అష్టాచెమ్మా అలా కాదు, పందెం పడ్డాక ఏ కాయ జరపాలన్నది ప్రతిసారీ మనమే తేల్చుకోవాలి. కన్నడ వాళ్లు చౌకాబారా అనేది కూడా దాదాపు ఇదే. ఇంటికో రూలు ఉన్న ఆట కాబట్టి, కింద చెప్పిన వాటిలో ఏవి పాటిస్తున్నారో గవ్వలు చేతిలోకి తీసుకునే ముందే అందరూ ఒప్పుకోండి. లేదంటే మధ్యలో "మా అమ్మమ్మ వాళ్లింట్లో ఇలా కాదు" అని గొడవ మొదలవుతుంది, అది పిల్లల మధ్యే జరుగుతుందనుకోకండి.

ముందు గడులు గీయండి. నేల మీద సుద్దముక్కతో గానీ, అట్టముక్క మీద స్కెచ్‌పెన్‌తో గానీ ఆరు గీతలు అడ్డంగా, ఆరు నిలువుగా గీస్తే 25 గడులు వస్తాయి. నాలుగు వైపులా అంచు వరసలో మధ్య గడికి, అలాగే నట్టనడుమ గడికి ఇంటూ గుర్తు పెట్టండి. అంచున ఉన్న నాలుగూ నలుగురి ఇళ్లు, నడుమది పండే చోటు. ఇద్దరే ఉంటే ఎదురెదురుగా కూర్చోండి.

కాయలకి ఏవైనా పనికొస్తాయి: బటన్లు, గాజు ముక్కలు, రంగురాళ్లు. ఎవరివి వాళ్లకి తెలిస్తే చాలు, మనిషికి నాలుగు. పందేనికి నాలుగు గవ్వలు కావాలి. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీయండి, ఈ పని పిల్లలకే అప్పజెప్పండి, ఆట కంటే ఇదే ఎక్కువ నచ్చే పిల్లలు కూడా ఉంటారు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి అవీ దొరక్కపోతే నాలుగు నాణేలు తీసుకుని, బొమ్మ పడినవాటినే లెక్కపెట్టండి. మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం గింజలు, గవ్వలు వాళ్లకి అందకుండా చూసుకోండి, నోట్లో పెట్టేసుకుంటారు.

ఇక లెక్క. వెల్లకిలా పడిన గవ్వలు ఎన్నో అంత పందెం: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండిట్లో ఏది పడినా మళ్లీ వేయొచ్చు. గవ్వ గోడకో కాలికో ఆనుకుని పక్కకి నిలబడితే మొత్తం మళ్లీ వేయాలి.

దారి దగ్గరే కొత్తవాళ్లు తికమక పడతారు. మీ ఇంటి గడి నుంచి కుడివైపు బయల్దేరి, బయటి వరసంతా చుట్టి, మీ ఇంటికి ఎడమపక్క గడి దాకా వస్తారు. అక్కడి నుంచి పైకి, లోపలి వరసలోకి ఎక్కాలి. లోపల దిశ మారుతుంది: గడియారం ముల్లు తిరిగే వైపు ఎనిమిది గడులు నడిచి, సరిగ్గా మీ ఇంటి ఎదురు గడికి చేరి, అక్కడి నుంచి నడిమధ్యకి వెళ్తే కాయ పండినట్టు. ఇల్లు వదిలాక మొత్తం 24 అడుగులు. చిన్నపిల్లలుంటే గడుల్లో బాణం గుర్తులు వేసేయండి, ఎటు వెళ్లాలని అడగటం తగ్గుతుంది. పండటానికి సరిగ్గా సరిపోయే పందెమే పడాలి, ఎక్కువ పడితే ఆ కాయ జరగదు.

అవతలివాళ్ల కాయ ఉన్న గడిలో మీ కాయ దిగితే దాన్ని కొట్టినట్టే, అది వాళ్ల ఇంటికి వెళ్లి మొదటి నుంచి నడవాలి, మీకు ఇంకో పందెం వస్తుంది. ఇంటూ గడుల్లో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు. చాలా ఇళ్లలో ఉండే ఇంకో రూలు, కనీసం ఒక కాయనైనా కొట్టనిదే లోపలి వరసలోకి వెళ్లకూడదు, అప్పటిదాకా బయటే తిరుగుతుండాలి. పిల్లలు ఏడుస్తారని దీన్ని తీసేస్తుంటారు కానీ నన్నడిగితే తీయకండి, ఇది లేకపోతే అందరూ ఎవరి దారిన వాళ్లు నడిచి వెళ్లిపోతారు, ఆటలో పోటీయే ఉండదు.

తీసేయాల్సింది వేరే ఉంది. కొందరు అష్టా గానీ చెమ్మా గానీ పడితేనే కాయని ఇంట్లోంచి కదపనిస్తారు. నాణేలతో లెక్క వేస్తే నాలుగు నాణేలు 16 రకాలుగా పడతాయి, అందులో రెండు పందెం 6 రకాలుగా, ఒకటీ మూడూ చెరి 4 రకాలుగా, చెమ్మా ఒకే రకంగా, అష్టా ఒకే రకంగా వస్తాయి. అంటే ఆ రూలుతో ఆట మొదలుపెట్టడానికే సగటున 8 సార్లు వేయాలి, నలుగురు ఆడుతుంటే ఆరేళ్ల పిల్లాడు అంతసేపు ఎక్కడ కూర్చుంటాడు? పెద్దవాళ్లే ఆడితే ఉంచుకోండి, పిల్లలతో అయితే ఏ పందేనికైనా కదలనివ్వండి. మనిషికి నాలుగు బదులు రెండు కాయలే పెట్టినా ఆట తొందరగా తేలుతుంది.

గవ్వలు నాణేలంత సమంగా పడవు కానీ, అష్టా, చెమ్మాలు అరుదన్నది మాత్రం ఆడుతూ ఆడుతూ పిల్లలకే తెలిసిపోతుంది. దాన్నే ఎత్తుగా వాడటం నేర్పండి. మీ కాయకి రెండు గడుల వెనక అవతలివాళ్లు ఉంటే అదే అన్నిటికంటే ప్రమాదం, ముందు దాన్నే ఇంటూ గడిలోకి తప్పించండి. ఐదు, ఆరు, ఏడు గడుల వెనక ఉంటే ఒక్క పందెంతో కొట్టలేరు, మధ్యలో చెమ్మా కలిసొస్తే తప్ప. అన్ని కాయల్నీ కొంచెం కొంచెం జరపటం కంటే, ఒకదాన్ని వేటకి పంపి మిగతావాటిని ఇంట్లోనే ఉంచటం మొదట్లో మంచిది.

ఐదేళ్ల పాప ఉంటే తాతయ్యతో జత కట్టండి, గవ్వలు పాప వేస్తుంది, ఏ కాయో ఇద్దరూ కలిసి తేలుస్తారు. కావాలని ఓడిపోకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఒకరివి అన్నీ పండాక మిగతావాళ్లు రెండో స్థానానికి ఆడుకోవచ్చు. పడుకునే టైమ్ అయ్యి ఆట తేలకపోతే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, రేపు కాయలు ఎక్కడివక్కడ పెట్టి కొనసాగించొచ్చు, ఎవరి కాయ ఎక్కడుందో వాదన ఉండదు.