కాన్యులా (మందెక్కించడానికి సిరలో పెట్టే సన్నని గొట్టం) పెట్టేముందు ఒక్కసారి పల్స్ చూడండి

కొత్తగా వార్డు డ్యూటీకి వస్తున్న ఇంటర్న్‌లకీ, నర్సింగ్ పిల్లలకీ ముందే చెప్తున్నా, పుస్తకంలో ఉన్న ఆర్టరీ (ధమని) బొమ్మ ఎక్కువమందిలో కనిపించేది మాత్రమే, మీ ముందు పడుకున్న మనిషికి కూడా అలాగే ఉండాలని రూలేం లేదు.

మోచేతి మడతే తీసుకోండి. మామూలుగా చేతికి రక్తం తెచ్చే బ్రేకియల్ ఆర్టరీ మోచేయి దాటాక రేడియల్, అల్నార్ అని రెండుగా చీలుతుంది, కొందరిలో అది పైనెక్కడో చంక వైపే చీలిపోయి, అల్నార్ కండరాల కిందకి పోకుండా చర్మం కిందే దిగుతుంది, చూస్తే అచ్చం వెయిన్ (సిర) లాగే ఉంటుంది. అందుకే టోర్నికేట్ (చేతికి బిగించే పట్టీ) కట్టకముందే కొట్టుకుంటుందేమో వేలు పెట్టి చూడండి, కొట్టుకుంటే అది ఆర్టరీ, బిగించాక కొట్టుకోవడం తెలీకపోవచ్చు. రక్తం ఎర్రగా చిమ్మినా, డ్రిప్ ట్యూబ్‌లోకి వెనక్కి ఎక్కినా, మందిస్తుంటే పేషెంట్ వేళ్ల దాకా మంట అన్నా అక్కడితో ఆపేయండి. బీపీ బాగా పడిపోయినవాళ్లలో ఆర్టరీ రక్తం కూడా నల్లగా, మెల్లగా రావచ్చు, కాబట్టి రంగు ఒక్కటే నమ్మొద్దు. ప్రోమెథజీన్ (వాంతులకీ ఎలర్జీకీ ఇచ్చేది), థయోపెంటాల్ (మత్తు మందు) లాంటివి ఆర్టరీలోకి వెళ్తే వేళ్లు పోయే ప్రమాదం ఉంది, నిజంగా. కంగారులో కాన్యులా పీకేయకండి, చికిత్స మందు దాంట్లోంచే ఇవ్వాల్సి రావచ్చు, వెంటనే సీనియర్‌ని పిలవండి.

సర్జరీ పోస్టింగ్‌లో ఉన్నవాళ్లకి గాల్‌బ్లాడర్ దగ్గర ఇదే భయం. లివర్‌కి వెళ్లే కుడి హెపాటిక్ ఆర్టరీ కొన్నిసార్లు వంపు తిరిగి సిస్టిక్ డక్ట్ (గాల్‌బ్లాడర్ గొట్టం) పక్కకే వచ్చేస్తుంది, గాల్‌బ్లాడర్‌కి రక్తమిచ్చే సిస్టిక్ ఆర్టరీ అనుకుని క్లిప్ వేస్తే కుడివైపు లివర్‌కి రక్తం ఆగుతుంది. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే (ఆ డక్ట్, ఆ ఆర్టరీ) అని కంటికి స్పష్టంగా కనిపించేదాకా ఏదీ కోయకూడదు.

కిడ్నీకి సుమారు నలుగురిలో ఒకరికి అదనపు ఆర్టరీ ఉంటుంది, చిన్నదే కదా అని కట్టేస్తే అది రక్తమిచ్చే ముక్క చచ్చిపోతుంది, దానికి ఇంకో దారి లేదు, కిడ్నీ దాతకి ముందే సీటీ యాంజియో (రక్తనాళాలు చూపించే స్కాన్) చేసేది అందుకే.

ఇంకోటి, కుడి సబ్‌క్లేవియన్ (కుడి చేతికి వెళ్లే ఆర్టరీ) అన్నవాహిక వెనకనుంచి వచ్చేవాళ్లు నూటికి ఒక్కరైనా ఉండకపోవచ్చు, కానీ వాళ్లలో కుడివైపు స్వరపేటిక నరం కూడా దారి మార్చుకుని ఉంటుంది, థైరాయిడ్ ఆపరేషన్‌లో అది తెగితే గొంతు బొంగురుపోతుంది. స్కాన్‌లో ఇలాంటిదేదైనా కనబడితే పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పి, డిశ్చార్జ్ కాగితంలో రాసి పంపండి, తర్వాత ఆపరేషన్ చేసే డాక్టర్‌కి ఆ ఒక్క లైనే దొరుకుతుంది.