బస్సు రూట్ల సర్వేకు కన్సల్టెంట్లను పెట్టుకునే ముందు జాగ్రత్తలు

టెండరు పిలవకముందే మనకేం కావాలో ఒక పేజీలో రాసుకోండి. "ట్రైసిటీ రవాణా అధ్యయనం" అని వదిలేస్తే కుదరదు. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మధ్య ఏ రూట్లు, ఏ వేళలు అన్నది తేలాలి.

సర్వే తేదీల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు బస్సులు అటు మళ్లుతాయి, అప్పటి లెక్కలు మామూలు రోజులకు పనికిరావు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజులు, కాలేజీ సెలవులు కూడా చూసుకోవాలి. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది కాబట్టి, అంతకుముందు తీసిన లెక్కలు చూపిస్తే ఒప్పుకోవద్దు. మహిళలకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ల లెక్క విడిగా అడగండి. టికెట్ల డేటా ఆర్టీసీ నుంచి తెచ్చే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే ఉండాలి, లేదంటే ఉత్తరాలతోనే నెలలు గడుస్తాయి. షేర్ ఆటోలకు టికెట్టే ఉండదు. ఎండైనా వానైనా చౌరస్తాలో నిలబడి తలలు లెక్కపెట్టాల్సిందే.

తక్కువ రేటు ఒక్కటే చూడకండి. ప్రజెంటేషన్‌కు వచ్చే పెద్దసారు వేరు, పనికి వచ్చే పిల్లలు వేరు! పనికి వచ్చేవాళ్ల పేర్లు రాయించుకోండి.

బిల్లులు విడతలుగా ఇవ్వండి. సర్వే ఫారాలు, ఎక్సెల్ ఫైళ్లు, మ్యాపులు చేతికొచ్చాకే చివరి విడత. పీడీఎఫ్ ఒక్కటే పెట్టుకుంటే రేపు రూటు మారినప్పుడు మళ్లీ వాళ్లనే పిలవాలి.