ఒలింపిక్ వలయాలకు టీ కప్పు చాలు

మూడు నాలుగేళ్ల పిల్లల చేత ఒలింపిక్ వలయాలు చేయించాలంటే కత్తెర దగ్గరే పని ఆగిపోతుంది. చివరికి టీచరే కూర్చుని అందరికీ కత్తిరించాలి. కాగితపు టీ కప్పులుంటే ఆ బాధ తప్పుతుంది.

పాత నూలు గుడ్డ ముక్కలను తడిపి గట్టిగా పిండి, నాలుగు మడతలు వేసి ఐదు పళ్లేల్లో పరచండి. ఒక్కో దాని మీద రెండు చెంచాల పోస్టర్ కలర్ పూయండి. రంగుకో కప్పు. కప్పు అంచును గుడ్డకు అద్ది, అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం మీద నొక్కితే వలయం పడుతుంది. పై వరుసలో నీలం, నలుపు, ఎరుపు. అవి ఆరాక కింద సందుల్లో పసుపు, ఆకుపచ్చ. తొందరపడితే పసుపు మురికిగా మారుతుంది. ఆరేలోగా వలయాలు లెక్కపెట్టించి, రంగుల పేర్లు చెప్పించవచ్చు. ఫలానా రంగు ఫలానా ఖండానిదని మాత్రం నేర్పకండి. 1913లో వీటిని గీసిన పియరీ డి కూబర్టిన్ అలా పంచలేదు. వెనకున్న తెలుపుతో కలిపి ఈ ఆరు రంగుల్లో అప్పటి దేశాల జెండాల రంగులన్నీ ఉన్నాయన్నదే ఆయన ఆలోచన.

రంగులో నీళ్లు ఎక్కువైతే ఇది పనిచేయదు. అంచు నాని, వలయానికి బదులు మరక పడుతుంది. అంచు మెత్తబడగానే కప్పు మార్చేయండి.