డ్రోన్ టవర్ పాఠాలు – 4: దారి గీసే ముందు బ్యాటరీ లెక్క

గాల్లోంచి మొబైల్ సిగ్నల్ అందించే డ్రోనే మన డ్రోన్ టవర్. గత పాఠంలో దాని ఎత్తు 100 మీటర్లని ఖాయం చేసుకున్నాం. ఇక దాన్ని ఎలా తిప్పాలో చూద్దాం. చోటు చెన్నైలోని వేళచ్చేరి, పల్లికరణై వైపు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు నీళ్లు నిలిచిన ప్రాంతం. లెక్క మాత్రం కాగితం మీదే. విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది, డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ పటం) చూడకుండా, అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకండి.

బ్యాటరీ 22.2 వోల్టులు, 16 ఆంపియర్ అవర్లు అనుకుందాం. గుణిస్తే 355 వాట్ అవర్లు. అందులో పావు వంతు ముట్టుకోం. మిగిలేది 266. సిగ్నల్ అందించాల్సిన చోటు తూర్పుగా 1,500 మీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోనూ రానూ 5 నిమిషాలు. ఆ వేగంలో 480 వాట్లు లాగితే 40 వాట్ అవర్లు పోతాయి. చేతిలో 226.

అక్కడికి చేరాక చాలామంది డ్రోన్‌ను ఒకే చోట నిలబెట్టేస్తారు, కదలకపోతే ఖర్చు తక్కువే కదా అని. జరిగేది తలకిందులు. నిలబడ్డప్పుడు కొద్దిపాటి గాలినే గట్టిగా కిందికి తోయాలి. ముందుకు కదులుతుంటే రెక్కలకు కొత్త గాలి ఎక్కువ అందుతుంది, మెల్లగా తోసినా బరువు నిలుస్తుంది. వేగం మరీ పెంచితే గాలి నిరోధం ఆ లాభాన్ని మింగేస్తుంది. మన డ్రోన్ నిలబడితే 600 వాట్లు లాగుతుందనుకోండి, వచ్చేది 22 నిమిషాల పైచిలుకు. అదే 10 మీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధంలో గుండ్రంగా తిప్పితే దాదాపు 28.

మరి సిగ్నల్? వృత్తం నడుమ ఉన్న ఫోనుకు దూరం 100 మీటర్ల నుంచి 112 అవుతుంది. నష్టం సుమారు 1 డెసిబెల్, అంటే సిగ్నల్ బలంలో దాదాపు ఐదో వంతు. ఐదున్నర నిమిషాల కవరేజీకి ఇది చవక బేరమే అంటాను. ఒక్క మెలిక: గాలి వీస్తుంటే, నిలబడ్డ డ్రోన్ కూడా ఆ గాలికి ఎదురు పోతున్నట్టే లెక్క. అప్పుడు తేడా తగ్గుతుంది.

మధ్యాహ్నం సముద్రపు గాలి సెకనుకు 4 మీటర్ల చొప్పున తూర్పు నుంచి వస్తే, వెళ్లేటప్పుడు వేగం 6, తిరిగొచ్చేటప్పుడు 14. రెండూ చెల్లుకు చెల్లు అనుకోకండి. 250, 107 కలిపి 357 సెకన్లు, 300 కాదు. పడమటి నుంచి బయల్దేరాం కాబట్టి కనీసం ఆ ఎదురుగాలి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే తగులుతుంది.

అభ్యాసం: గాలి 6 మీటర్లయితే చుట్టూ తిప్పడానికి ఎన్ని నిమిషాలు మిగులుతాయి? 25 దాటితే మీ లెక్క సరైన దారిలో ఉన్నట్టే. కాల్ తెగకుండా రెండో డ్రోన్‌కు పని అప్పగించడం ఐదో పాఠంలో.