కంటైనర్లపై గుడ్డ కప్పు: నిలిచిన నీటికి అసలు కారణం

విశాఖపట్నంలోని మా యార్డులో 40 అడుగుల కంటైనర్లు రెండింటిని ఎదురెదురుగా నిలిపి, వాటిపై ఇనుప కమానులు బిగించి, పీవీసీ పూత ఉన్న గుడ్డ కప్పించాము. మొదటి వానకే ఒక మూల బిందెడు నీరు నిలిచి, గుడ్డ పొట్టలా వేలాడింది. బిగువు చాలలేదనుకుని పట్టీలను మరింత లాగించాను. అది నా తొందరపాటే, ఎందుకంటే కుట్టు వెంబడి పూత తెల్లబారడం మొదలైంది. చివరకు టేపు పట్టి, రెండు కంటైనర్ల ఎదురు మూలలను కలిపే రెండు కర్ణాలనూ (ఐమూల కొలతలను) కొలిస్తే 11 సెంటీమీటర్ల తేడా వచ్చింది. దించేటప్పుడే ఒక కంటైనరు కాస్త ముందుకు జరిగిందన్నమాట. అందుకే కమానులన్నీ ఏటవాలుగా నిలబడి, గుడ్డ ఒక మూల బిగిసి, మరో మూల వదులైంది.

గుడ్డ దించి, కమానులు విప్పి, క్రేనుతో ఆ పెట్టెను వెనక్కు జరిపించాము. కర్ణాలు సమానమయ్యాక, సముద్రపు గాలి లేవకముందే, తెల్లవారుజామున గుడ్డ పరిచి, నడుమ నుంచి చివరల వైపు ఇరుపక్కలా సమంగా పట్టీలు లాగాము. తరువాతి వానకు నీరు చుక్క నిలవలేదు. తెల్లబారిన కుట్టుకు మాత్రం అతుకు వేయించాల్సి వచ్చింది.