పాత యెజ్డీకి కొత్త సైలెన్సర్లు మీరే బిగించుకోండి

యెజ్డీ రోడ్‌కింగ్ బైక్‌కి సిలిండర్ ఒకటే అయినా సైలెన్సర్లు రెండు, పక్కకొకటి, కాబట్టి పనీ రెండింతలే. బండి పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. సిలిండర్ దగ్గర పైపుని పట్టుకునే గుండ్రటి నట్టు ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుపోయి ఉంటుంది, అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున్న కొక్కెం లాంటి మూతి ఉండే హుక్ స్పానర్‌తో నెమ్మదిగా తిప్పండి. ఉలీ సుత్తీ మాత్రం వద్దు! విజయనగరంలో నేను బండి చూపించిన ఒక మెకానిక్ ఉలితోనే కొట్టాడు, సిలిండర్ మర పోయింది, లేత్ ఖర్చు సైలెన్సర్‌ని మించిపోయింది.

సిలిండర్‌కీ పైపుకీ మధ్య సందు మూసే పాత గాస్కెట్ తీసేసి కొత్తది వేయండి. నట్టు, వెనక క్లాంపు బోల్టులు ముందు చేత్తోనే ఎక్కించండి, పైపు ఎటూ లాగకుండా కూర్చుందని చూసుకున్నాకే ముందు సిలిండర్ వైపు, తర్వాత వెనక బిగించండి. బలవంతంగా లాగి బిగిస్తే వైబ్రేషన్‌కి బ్రాకెట్ చీలుతుంది.

ఓ పది కిలోమీటర్లు తిప్పి, చల్లారాక నట్టు మళ్లీ బిగించండి. జాయింట్ దగ్గర నల్లటి ఆయిల్ మరక కనిపిస్తే లీకున్నట్టే. శబ్దం కోసం సైలెన్సర్ లోపల మోత తగ్గించే బాఫిల్ పీకేయకండి, టూ స్ట్రోక్ ఇంజిన్ కదా, పికప్ పడిపోతుంది, పైగా పోలీసులు ఆపితే జరిమానా 10,000 రూపాయల దాకా ఉండొచ్చు.