బెల్లం ఆవకాయ: ఊట చిక్కబడేదాకా ఎండ

మామూలు ఆవకాయ కలిపి జాడీకెత్తి, మూడో రోజు తిరగ కలిపితే దాదాపు పనైపోయినట్టే. బెల్లం ఆవకాయకి అసలు పని అక్కడే మొదలవుతుంది. ఉప్పు, బెల్లం కలిసి ముక్కలో నీటిని బయటికి లాగుతాయి, మూడో రోజుకి ఎర్రటి పల్చటి ఊట తేలుతుంది. ఊట పల్చగా ఉన్నంతసేపూ బెల్లం పచ్చడిని కాపాడదు సరికదా, పులియబెడుతుంది. పాకంలా చిక్కబడ్డాకే ఏడాదంతా నిలవుంటుంది. అందుకే గోదావరి జిల్లాల్లో దీన్ని ఎండలు మండే మే నెలలో పెడతారు. మబ్బు పట్టేలా ఉంటే నాలుగు రోజులు ఆగండి.

కాయ పుల్లగా, గట్టిగా, టెంక ముదిరి ఉండాలి. కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి దొరికితే మరి వెతకక్కర్లేదు. లోపల పసుపు తిరిగిన దోరకాయ ఒక్కటి కూడా కలపొద్దు, ఎండలో అది మెత్తబడి గుజ్జయిపోతుంది. కాయల్ని కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరాకే కొట్టించండి. ప్రతి ముక్కకీ టెంక అంటిపెట్టుకుని ఉండాలి. జీడి తీసేసి, టెంకకి లోపల కాగితంలా ఉండే పొరని కూడా గోటితో లాగి, పొడిగుడ్డతో తుడవండి.

కిలో ముక్కలకి ఆవపిండి, కారం, ఉప్పు తలా 150 గ్రాములు, బెల్లం 500 గ్రాములు, మెంతులు 2 చెంచాలు, నువ్వుల నూనె 300 మి.లీ. వీటిని తూకం వేసుకోండి. ఒకే కప్పుతో కొలిస్తే ఉప్పు బరువు కారానికి దాదాపు రెండింతలు పడుతుంది, ‘ఎందుకో ఉప్పగా ఉంది’ అని తర్వాత అనుకోవడం చాలాసార్లు దీనివల్లే. రాళ్లుప్పు ఎండబెట్టి దంచుకుంటే మంచిది. బెల్లం ముదురు రంగుదీ, ఇసుక లేనిదీ చూసుకోండి. నీళ్లలో కరిగించి వడకట్టే వీలు ఇక్కడ లేదు, తురిమి పొడిగానే వేయాలి.

ఆవాలు ఒక పూట ఎండలో పెట్టి, చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే పిండి వేడెక్కి చేదొస్తుంది. వేయించడం అసలే వద్దు. ఆవఘాటు పుట్టేది పచ్చి పిండికి తడి తగిలినప్పుడే, వేడి తగిలితే ఆ గుణం పోతుంది.

వెడల్పాటి బేసిన్‌లో పొడులు, మెంతులు, బెల్లం తురుము కలపండి. ముక్కల్ని 200 మి.లీ. నూనెలో ముంచి తీసి, పిండిలో దొర్లించి జాడీలో వేయండి. మిగిలిన పిండీ, ముంచగా మిగిలిన నూనే పైన వేసి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టండి.

మూడో రోజు పొడి గరిటెతో అడుగు నుంచి కలిపి, ముక్కల్ని ఊటలోంచి ఏరి పళ్లేల్లో విడివిడిగా పరవండి. ఊటని వేరే వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మించని మందాన పోయండి. రెండూ ఎండలో పెట్టి పైన పల్చటి గుడ్డ కట్టండి. సాయంత్రం ముక్కల్ని మళ్లీ ఊటలో కలిపి ఇంట్లోకి తేవాలి, పగలు ఎండిన ముక్క రాత్రి పాకం పీల్చుకుంటుంది. ఇలా మూడు నుంచి ఐదు రోజులు. ముక్క అంచులు ముడతలు పడాలి, తోలు కాస్త సాగాలి. ఊట గరిటె నుంచి తేనెలా సాగి, పళ్లెంలో గీత గీస్తే వెంటనే కలిసిపోకూడదు. అప్పుడు ఆపి, మిగతా 100 మి.లీ. నూనె కాచి, పూర్తిగా చల్లార్చి కలపండి.

ఆపడం ముఖ్యం. ఇంకో రోజు చూద్దామని వదిలేస్తే చల్లారాక గడ్డకట్టి, గరిటె దిగదు. అలా అయితే కాచి చల్లార్చిన నూనె రెండు గరిటెలు వేసి, ఆ గిన్నెని గంటసేపు ఎండలో ఉంచితే వదులవుతుంది. నీళ్లు మాత్రం చుక్క కూడా పోయొద్దు.

నురగ, పుల్లకంపు వస్తే ఊట చిక్కబడలేదన్నమాట. మొదట్లోనే పట్టుకుంటే మళ్లీ రెండు రోజుల ఎండ సరిచేస్తుంది. బూజు పడితే పైపైన తీసేసి తినడం మంచిది కాదు, పారేయాల్సిందే.

అపార్ట్‌మెంట్లో ఎండ రాకపోయినా, చలి దేశంలో ఉన్నా ఊటని పొయ్యి మీద మరిగించకండి, బెల్లం మాడుతుంది, ఆవఘాటు చస్తుంది. ఓవెన్ 60 డిగ్రీల దగ్గర పెట్టి, తలుపు కాస్త తెరిచి, ముక్కలూ ఊటా వేర్వేరు ట్రేలలో రెండేసి గంటలు, రెండు మూడు రోజులు ఉంచండి. రంగు కాస్త ముదురుతుంది గానీ, ఊట అలాగే తేనెలా చిక్కబడితే నిలవకి లోటుండదు.

పది రోజులకి ముక్క ఊరుతుంది. పెరుగన్నంలోకి మొదటి ముక్క అప్పుడు తియ్యండి.